రక్తం పీల్చే దెయ్యమని ఇంట్లో గట్టిగా నమ్ముతున్నారు. నేనేం చెప్పాలి?

చంపావతి ఒడ్డు (గజపతినగరం దగ్గర పల్లె)

పెద్దలందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటూ ప్రతి శనివారం సాయంత్రం ఊరికి వెళ్లి వస్తుంటాను. నిరుడు పైడితల్లి సిరిమాను పండుగ వెళ్లిన పది రోజులకు మా పెదనాన్న నెలల తరబడి దగ్గి దగ్గి కన్నుమూశారు. సంక్రాంతి వెళ్లాక ఆయన కూతురు, నన్ను చేతుల మీద పెంచిన అక్క, అదే తీరున చిక్కి శల్యమై పోయింది. ఇప్పుడు మా చిన్నాన్న కొడుకు అదే దగ్గుతో మంచం పట్టాడు. వాడికి ఇరవై రెండేళ్లు. విశాఖలో సెంట్రింగు పనికి వెళ్లేవాడు, సిమెంటు బస్తా ఒంటి చేత్తో ఎత్తేవాడు. పోయిన ఆదివారం చెంబు ఎత్తి నీళ్లు తాగడానికి వాడు పడిన అవస్థ నా కళ్లతో నేను చూశాను.

వాడు చెప్పేది ఇది. తెల్లవారుజామున మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి, కానీ కాలూ చెయ్యీ కదలవు, నోరు పెగలదు, ఎవరో గుండెల మీద కూర్చుని అదుముతున్నట్టు ఉంటుంది. రెండుసార్లు పెదనాన్న ఆకారం కనిపించిందన్నాడు. తెల్లారాక చూస్తే తలగడ మీద గోరంత ఎర్రటి మరక. ఆ మరకను మా నాయనమ్మ చూసింది. అంతే, పెదనాన్న ఆత్మ శాంతించక ఇంట్లోవాళ్ల రక్తం ఒక్కొక్కరిదీ పీలుస్తోందని ఇంట్లో స్థిరపడిపోయింది. గాలి లోపలికి రాకూడదని వాడు పడుకునే గది కిటికీకి గోనెసంచి కొట్టి, సందుల్లో గుడ్డలు కుక్కి, గుమ్మానికి వేపమండలు, నిమ్మకాయలు కట్టారు. చెరువుగట్టు మీది చింతచెట్టుకు గబ్బిలాలు వేలాడుతుంటాయి, వాటికీ దీనికీ సంబంధం ఉందని చెట్టు కొట్టించాలంటున్నారు.

వారం కిందట వచ్చిన భూతవైద్యుడు ఇంకో మాట చెప్పి వెళ్లాడు. ఇది చనిపోయినవారి పని మాత్రమే కాదని, ఊళ్లోనే ఉన్న ఒక ఒంటరి ఆడమనిషి ఆ ఆత్మను నడిపిస్తోందని, అది చిల్లంగి (చేతబడి) అని. పేరు చెప్పలేదు కానీ వీధి చివర ఒంటరిగా ఉంటున్న, వరుసకు నాకు అత్త అయ్యే విధవరాలి ఇంటివైపు అందరి చూపులూ తిరిగాయి. మొన్న ఆమె బోరింగు దగ్గరికి వస్తే అక్కడున్న ఆడవాళ్లంతా బిందెలు తీసుకుని పక్కకు జరిగారట.

నేను చదువుకున్నదాన్నే. అయినా ఆ గదిలో రాత్రి పడుకోమంటే నాకూ భయమేసింది, ఆ మాట దాచను. ఇలాంటి నమ్మకం వేరే చోట్ల కూడా ఉందా? ఉంటే అక్కడ చివరికి ఏమి తేలింది? గుండెల మీద బరువుకు కారణమేమిటి? అన్నిటికీ మించి, ఇద్దరిని పోగొట్టుకుని ఏడుస్తున్న మా నాయనమ్మతో, ఆమెను చిన్నబుచ్చకుండా ఎలా మాట్లాడాలి?

బొబ్బిలి మాస్టారు

అమ్మా, నేను ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీ ఇంట్లో జరిగినది చదువుతుంటే, సరిగ్గా ఇదే కథ ఇంకో దేశంలో జరిగిన సంగతి గుర్తుకొచ్చి మనసు కలుక్కుమన్నది. దాన్ని పూర్తిగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీ నాయనమ్మగారికి చెప్పవలసిన మాట అందులోనే ఉందని నాకు తోస్తోంది.

అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రంలో ఎక్సెటర్ అనే పల్లె ఉంది. అక్కడ జార్జ్ బ్రౌన్ అనే రైతు భార్య 1883లో దగ్గుతో, క్షీణించి చనిపోయింది. మరుసటి ఏడాది పెద్ద కూతురు పోయింది. కొన్నేళ్లకు కొడుకు ఎడ్విన్ మంచం పట్టాడు. 1892 జనవరిలో పంతొమ్మిదేళ్ల ఇంకో కూతురు మెర్సీ కూడా పోయింది. చనిపోయినవారిలో ఒకరు రాత్రిళ్లు లేచి వచ్చి బతికున్నవారి ప్రాణం పీలుస్తున్నారని, సమాధులు తవ్వి చూడాలని ఇరుగుపొరుగువారు పట్టుబట్టారు. ఆ తండ్రి ఆ మాట నమ్మలేదు, అయినా మిగిలిన ఒక్క కొడుకు కోసం తల ఒగ్గాడు. 1892 మార్చి 17న తవ్వారు. తల్లివీ, పెద్ద కూతురివీ దాదాపు ఎముకలే మిగిలాయి. మెర్సీ శరీరం మాత్రం చెడలేదు, గుండెలో రక్తం కూడా కనిపించింది. చచ్చిపోయి రెండు నెలలే అయింది, గడ్డకట్టే చలికాలం, పైగా శవాన్ని నేలలో పూడ్చకుండా రాతిగదిలో ఉంచారు, కనుక చెడకపోవడంలో వింత లేదని, ఊపిరితిత్తుల్లో క్షయ లక్షణాలు ఉన్నాయని అక్కడే ఉన్న వైద్యుడు చెప్పాడు. ఎవరూ వినలేదు. గుండెను, కాలేయాన్ని బండమీద కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి ఎడ్విన్‌చేత తాగించారు. రెండు నెలలు తిరగకుండానే, మే నెలలో, ఆ కొడుకూ చనిపోయాడు.

దీనిలో నన్ను ఎక్కువగా బాధించేది తేదీ. క్షయకు సూక్ష్మజీవి కారణమని బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ప్రకటించినది 1882 మార్చి 24న. అంటే ఎక్సెటర్‌లో సమాధి తవ్వేనాటికి పదేళ్లు. కారణం తెలిసింది, కానీ ఆ పల్లె నమ్మేలా ఆ మాటను మోసుకెళ్లినవారు లేరు, చేతిలో మందూ లేదు. ఒకే గదిలో పడుకుని, ఒకరి దగ్గు ఒకరు పీల్చుకునే కుటుంబంలో క్షయ వరుసగా ఒక్కొక్కరినీ తీసుకుపోతుంది. ఆ వరుసను కళ్లారా చూసినవారికి, ముందు పోయినవారే వెనకవారిని పిలుచుకుంటున్నారని అనిపించడం అజ్ఞానం కాదమ్మా, చూసినదాన్ని తప్పుగా కలుపుకోవడం. మీ నాయనమ్మగారు చూసిన వరుస నిజం. పెదనాన్నగారి నుంచి ఏదో ఒకటి పిల్లలకు వచ్చిందన్న ఆమె అనుమానం కూడా నిజమయ్యే అవకాశం చాలా ఉంది. అయితే ఆ వచ్చినది ఆత్మ కాకపోవచ్చు.

అంతకు ముందు 1731–32 చలికాలంలో సెర్బియాలోని మెద్వేజా అనే ఊళ్లోనూ ఇలాగే చావులు వరుసకట్టాయి. ఆస్ట్రియా సైనిక వైద్యులు వచ్చి శవాలను తీయించి, నోటి దగ్గర రక్తం ఉందని, గోళ్లు కొత్తగా మొలిచాయని నివేదిక రాశారు. అది యూరప్ అంతా పాకింది. చనిపోయిన శరీరంలో లోపలి వాయువులకు పొట్ట ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ఎర్రటి ద్రవం నోటిలోంచి, ముక్కులోంచి బయటికి వస్తుంది. పై చర్మం ఊడితే కింద కనిపించేది కొత్త గోరులా ఉంటుంది. వైద్యులే పొరబడిన చోట పల్లెటూరివారిని ఏమనగలం? చివరకు 1755లో మహారాణి మరియా థెరీసా తన సొంత వైద్యుడి చేత విచారణ జరిపించి, సమాధులు తవ్వి శవాలను కాల్చడాన్ని నిషేధించింది.

గబ్బిలాల మాట చెప్పాలి. రక్తం తాగే గబ్బిలాలు మూడే మూడు జాతులు, మూడూ అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి. అసలు రక్తపిశాచి కథే ముందు పుట్టింది, ఆ పేరు గబ్బిలానికి తర్వాత తగిలించారు. మీ చింతచెట్టును కొట్టనివ్వకండి.

నాకు నిజంగా భయం కలిగిస్తున్నది మాత్రం ఆ భూతవైద్యుడి రెండో మాట. యూరప్‌లో పూడ్చిపెట్టే ఆచారం ఉంది, కనుక వారి కోపం తవ్వి తీసిన శవం మీద తీరింది. దానివల్ల చచ్చినవారికి కొత్తగా వచ్చే నష్టం లేదు. మన దగ్గర ఎక్కువమంది దహనం చేస్తారు. తవ్వడానికి ఏమీ ఉండదు. అప్పుడు ఆ కోపం బతికున్న మనిషిని వెతుక్కుంటుంది. మన ఏజెన్సీలోనూ, దిగువ పల్లెల్లోనూ చిల్లంగి అన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన సంగతులు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ముప్ఫై ఏళ్ల కిందట మన తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని బొగ్గుతో రాసుకున్న రోజులు మీకు తెలియకపోవచ్చు. అప్పుడు భయపడ్డాం, కానీ ఆ స్త్రీకి ఊరూ పేరూ లేదు కనుక మా ఊళ్లో ఎవరి ప్రాణమూ పోలేదు. మీ వీధి చివరి ఆమెకు ఊరూ పేరూ ఇల్లూ ఉన్నాయి.

నాగావళి (స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం)

మాస్టారు చెప్పినదానికి నా పని అనుభవం కలుపుతున్నాను. చూడకుండా ఇది టీబీయే అని చెప్పను, చెప్పకూడదు. కానీ రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, గళ్లలో (దగ్గితే వచ్చే కఫంలో) నెత్తురు చార, అదే ఇంట్లో అంతకుముందు ఇద్దరు దగ్గుతో పోవడం, ఇవి నాలుగూ ఒకచోట చేరితే ఒక్కరోజు కూడా ఆగకుండా పరీక్ష చేయించాలి. తలగడ మీది మరక ఎవరో పీల్చగా కారినది అయ్యుండదు, దగ్గినప్పుడు వాడి నోటి నుంచే పడి ఉంటుంది. పగలు దగ్గినప్పుడు ఒక తెల్లగుడ్డ అడ్డం పెట్టించి ఆ గుడ్డను నాయనమ్మగారికి చూపించండి, వాదించనక్కర్లేదు.

మీ ఆశా కార్యకర్తకు చెబితే గళ్ల డబ్బా తెచ్చి ఇస్తుంది. పొద్దున్న లేవగానే, పరగడుపున, లోతుగా దగ్గి తీసిన గళ్ల కావాలి, ఉమ్మి కాదు. చాలామంది డబ్బాలో ఉమ్మి పోసి ఇస్తారు, ఏమీ లేదని వస్తుంది, ఇంటిల్లిపాదీ మళ్లీ తాయెత్తుల దగ్గరికే వెళ్లిపోతారు. పరీక్షకు గానీ మందులకు గానీ ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. మామూలు టీబీ అయితే ఆరు నెలల మందులు. పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. నెల తిరిగేసరికి ఆకలి పుట్టి, ఒంట్లో బాగుందని మందులు ఆపేసేవారు ఉంటారు. అలా ఆపడం వల్ల మందుకు లొంగని టీబీ రావచ్చు. వాడితో ఒకే కప్పు కింద పడుకున్నవారందరినీ, ముఖ్యంగా అక్క పిల్లలు ఉంటే వారిని, తప్పకుండా చూపించాలి.

అన్నిటికంటే ముందు ఆ గోనెసంచి తీయించండి. మీ ఉత్తరంలో నాకు వెన్ను జలదరించినది దెయ్యం మాట దగ్గర కాదు, ఆ కిటికీ దగ్గర. టీబీ గాలిలో తేలే తుంపర్ల వల్ల అంటుకుంటుంది, గాలి ఆడని చీకటి గదిలో ఆ తుంపర్లు గంటల తరబడి నిలిచి ఉంటాయి. గాలి సోకుతుందని కిటికీ మూసేశారు, ఆ మూతతోనే లోపలి గాలి మిగిలినవారికి సోకుతోంది.

గుండెల మీద బరువును స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలు వచ్చే నిద్రలో, మనం కలను అనుసరించి లేచి పరుగెత్తకుండా, మెదడు కండరాలను కట్టేసి ఉంచుతుంది. ఒక్కోసారి తెలివి ముందు వస్తుంది, ఆ కట్టు విడివడడం నాలుగు క్షణాలు ఆలస్యమవుతుంది. అప్పుడు కళ్లు తెరిచే ఉంటాయి, కల ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఊపిరి మన చేతిలో లేనట్టు ఉంటుంది. మనసులో ఎవరు మెదులుతుంటే వారే కనిపించినట్టు అనిపించవచ్చు. జపానువారు దీన్ని కనషిబారి అంటారు, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. రాత్రి డ్యూటీలు వరుసగా చేసినప్పుడు నాకే రెండుసార్లు వచ్చింది, కారణం తెలిసి కూడా చెమటలు పట్టాయి. నిద్ర చాలని వారికీ, దిగులుతో ఉన్నవారికీ, వెల్లకిలా పడుకునేవారికీ ఎక్కువగా వస్తుంది. రాత్రంతా దగ్గే వాడికి నిద్రెక్కడిది? పక్కకు తిరిగి పడుకోమనండి. వచ్చినప్పుడు పెనుగులాడకుండా కాలి బొటనవేలు ఒక్కటి కదిలించడానికి ప్రయత్నించమనండి. భయం మరీ తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి, టెలీమానస్ అని ప్రభుత్వం నడిపేదే, తెలుగులోనే మాట్లాడతారు.

ఉద్దానం కొబ్బరితోట (మందస)

పై ఇద్దరూ చెప్పినది సరైనదే. కానీ నేను ఒక మాట అనకుండా ఉండలేను. మా ఇంట్లో మా నాన్న, ఇద్దరు అన్నలు కిడ్నీ జబ్బుతో పోయారు. మా ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు వీధికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవచ్చు. నీళ్లని ఒకరు, పురుగుమందులని ఒకరు, ఎండలో పని అని ఒకరు చెప్పారు, ఎందరో వచ్చి రక్తం తీసుకెళ్లారు, ఇదీ కారణం అని తేల్చిన మాట ఇంతవరకు మా చెవిన పడలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు, డయాలసిస్ దగ్గరైంది, అది పెద్ద మేలు. అయినా మా అమ్మ ‘ఎందుకు మనింటికే?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆమె అమ్మవారికి మొక్కుకుంది, నేనూ పక్కన నిలబడి దండం పెట్టాను.

2022 ఏప్రిల్‌లో సరుబుజ్జిలి మండలంలో ఒక ఊరివారు వరుస చావులకు బెదిరి, దుష్టశక్తి పట్టిందని ఊరి దారులకు కంచె కట్టి కొన్ని రోజులు బయటివారిని రానివ్వలేదు. దేశమంతా ఆ వార్త చూసి నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. చావు వరుసగా వచ్చినప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోవడం కంటే కంచె కట్టడం తేలిక. అమ్మా, మీ నాయనమ్మతో దెయ్యం లేదని మొదలుపెట్టకండి. వేపమండలు ఉండనివ్వండి, మొక్కు మొక్కుకోనివ్వండి. ‘నీ మొక్కు నువ్వు చెల్లించు, నా గళ్ల డబ్బా నన్ను పట్టుకెళ్లనీ’ అనండి. ముసలివాళ్లు బేరానికి ఒప్పుకుంటారు, వాదానికి ఒప్పుకోరు.

పార్వతీపురం పిల్ల

కంచె గురించి చెప్పిన అన్నగారి దుఃఖం నాకు అర్థమైంది. వేపమండలు ఉంచవచ్చు. ఆ భూతవైద్యుడిని మాత్రం గడప తొక్కనివ్వకండి, ఆ రెండూ ఒకటి కావు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మకు చిల్లంగి అంటగట్టారు. మా నాన్న చనిపోయాక మాకు ముప్పావు ఎకరం జీడితోట మిగిలింది, దాని మీద పక్కవారికి కన్నుంది, వారింట్లో ఒక బిడ్డ జ్వరంతో పోయింది. మొదట ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ ఇచ్చిన పులుసు గిన్నె కడగకుండానే తిరిగి వచ్చింది, అంతే. తర్వాత పెళ్లి పిలుపులు ఆగాయి. తర్వాత ఒక పొద్దున్న వాకిట్లో ముగ్గు మీద పసుపు, కుంకుమ, కోడి ఈకలు పడేసి ఉన్నాయి. నిప్పు లేనిదే పొగ రాదని ఊరివారు అనుకుంటుంటే, ఆ పొగ రాజేసినది ఎవరో అడిగినవారు లేరు. ఒక రాత్రి పదిమంది కర్రలతో వచ్చారు. మా బడి మాస్టారు, ఆయన భార్య వచ్చి మా అరుగు మీద చాప పరుచుకుని తెల్లవార్లూ కూర్చున్నారు, అందుకే మేము బతికాము. తోట అమ్ముకుని పార్వతీపురం వచ్చేశాము.

పక్కనున్న ఒడిశాలో మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని నేరం చేస్తూ 2013లోనే ప్రత్యేక చట్టం చేశారు. మహారాష్ట్రలో అదే ఏడాది, కర్ణాటకలో 2017లో మూఢాచారాల మీద చట్టాలు వచ్చాయి. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేకపోయినా, బెదిరించడం, కొట్టడం మామూలు చట్టం కిందే నేరం, 112కు ఫోన్ చేస్తే పోలీసులు రావాలి. తాయెత్తుతో, మంత్రంతో రోగాలు కుదురుస్తామని ప్రచారం చేసుకోవడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయితే పోలీసులు వచ్చేది కర్రలు లేచాక. మీరు వెళ్లవలసినది ఇప్పుడు. అక్కా, ఈ ఆదివారం అందరూ చూస్తుండగా ఆమె అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగండి. మా అమ్మకు ఆ నాలుగు నెలల్లో ఎవరో ఒక్కరు అలా చేసి ఉంటే చాలని నేను ఇప్పటికీ అనుకుంటాను.

చంపావతి ఒడ్డు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లాను.

మాస్టారు చెప్పిన ఎక్సెటర్ కథను నాయనమ్మకు చెప్పాను. దెయ్యం లేదని అనలేదు. బూడిద తాగించిన చోట ఆమె నా చెయ్యి పట్టుకుని, ‘ఆ గుంటడు బతికేడా?’ అని అడిగింది. లేదన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తెల్లగుడ్డ సంగతి చేసి చూపించాను. వాడు దగ్గగానే గుడ్డ మీద పడిన చారను దీపం దగ్గర పెట్టి చూసి, తలగడ గలేబు తెచ్చి పక్కన పెట్టుకుని చూసింది. మర్నాడు పొద్దున్నే ఆమే వాడిని లేపి, నర్సమ్మగారు చెప్పినట్టు పరగడుపున డబ్బా పట్టించింది. ఆశా అక్కతో కలిసి పీహెచ్‌సీలో ఇచ్చి వచ్చాము. ఇంకా ఫలితం రాలేదు. అక్క పిల్లలిద్దరినీ సోమవారం తీసుకురమ్మన్నారు. చిన్నదానికి నాలుగేళ్లు, దానికీ పది రోజులుగా పొడిదగ్గు ఉందన్న సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అత్త ఇంటికి వెళ్లాను. నీళ్లు అడిగితే ఆమె లోపలికి వెళ్లి, గ్లాసును రెండుసార్లు తోమి తెచ్చి, నాకు అందించకుండా అరుగు మీద పెట్టి దూరంగా నిలబడింది. నేను తాగాను. ఎదురింటివాళ్లు చూశారు. భూతవైద్యుడు అమావాస్యకు వస్తానని కబురు పెట్టాడు. చిన్నాన్న రావద్దని చెప్పలేకపోతున్నాడు, ఆ రోజుకు నేను ఊళ్లో ఉంటాను. ఆశా అక్క కూడా వస్తానంది.

గోనెసంచి తీసేశాము. కిటికీ ఊచలకు నాయనమ్మ కొత్త వేపమండ కట్టింది. గాలికి అడ్డం రాకుండా, ఒక పక్కకు.